గండం గడిచాక మొక్కు సంగతి

చిలుకూరు బాలాజీ గుడిలో లెక్క సూటిగా ఉంటుంది. కోరిక చెప్పుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. వీసా కోసం వచ్చే ఇంజినీరింగ్ కుర్రాడికీ, కూతురి పెళ్లి కుదరాలని వచ్చే సంగారెడ్డి రైతుకూ ఒకటే రేటు. హుండీ లేని గుడి కాబట్టి బాకీ కాళ్లతోనే తీర్చాలి. ఈ అంకెల్లో లోకజ్ఞానం చాలా ఉంది. ఆపదలో ఉన్నవాడి దగ్గర కొంచెమే పుచ్చుకుని, గట్టెక్కినవాడి దగ్గర దాదాపు పదింతలు రాబట్టుకోవడం. గండం గడిచాక మనిషి ఎలా మారతాడో ఆ లెక్క పెట్టినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత పుట్టిన నేల ఇది.

కరోనా పోయాక జనజీవనం మళ్లీ మామూలవుతుందా అని 2020లో అడగని పత్రిక లేదు, జవాబు చెప్పని మేధావి లేడు. లోకం ఇక మునుపటిలా ఉండదని సగం మంది, అంతా సర్దుకుంటుందని సగం మంది చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది 2023 మే 5న. పారిశ్రామికవాడ పటాన్‌చెరు అంతదాకా ఆగలేదు. ఇస్నాపూర్ చౌరస్తాలో పొద్దున షిఫ్టు మారే వేళ నిలబడితే చాలు. పాశమైలారం వైపు కంపెనీ బస్సులు, ఒక్కో ఆటోలో పదేసి మంది, చేతుల్లో టిఫిన్ డబ్బాలు, హిందీ, ఒడియా, భోజ్‌పురి, తెలుగు కలగలిసిన కేకలు. మామూలు ఎప్పుడో వచ్చేసింది. మిగిలిపోయింది ఇంకో ప్రశ్న. అది వైద్యులదీ కాదు, ఆర్థికవేత్తలదీ కాదు. భయంలో ఇచ్చిన మాట భయం పోయాక చెల్లుతుందా?

ఆ మాటలేమిటో గుర్తుకు రావాలంటే సంగారెడ్డి పక్కనున్న కందికి వెళ్లాలి.

2020 ఏప్రిల్ 29. లాక్‌డౌన్ మొదలై ఐదు వారాలు. ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో కొత్త భవనాలు కడుతున్న కూలీలు దాదాపు 2,400 మంది అక్కడి షెడ్లలోనే ఉండిపోయారు. బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లు. కూలి డబ్బులు రాలేదు, ఇంటికి పోనివ్వడం లేదు. ఆ రోజు రోడ్డెక్కారు. రాళ్లు పడ్డాయి, పోలీసు వాహనం అద్దాలు పగిలాయి, కొందరు పోలీసులకు దెబ్బలు తగిలాయి. రెండు రోజులు తిరగకుండానే, అర్ధరాత్రి దాటాక, యాభైకి పైగా ఆర్టీసీ బస్సులు కంది నుంచి లింగంపల్లి స్టేషన్‌కు బారులు కట్టాయి. మే 1 తెల్లవారుజామున ఐదు కొట్టకముందే 24 బోగీల రైలు జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. 72 మంది పట్టే బోగీలో 54 మందినే ఎక్కించారు, దూరం పాటించాలి కదా. లాక్‌డౌన్‌లో దేశం మొత్తం మీద వలస కూలీల కోసం కదిలిన మొదటి రైలు అదే. దాదాపు 1,200 మందిని ఆ రాత్రి పదకొండు దాటాక హటియాలో పూలిచ్చి దింపుకున్నారు. తర్వాతి వారాల్లో అలాంటి శ్రామిక్ రైళ్లు నాలుగున్నర వేలు దాటాయి.

మేడే నాడే ఆ రైలు బయల్దేరడం ఎవరూ అనుకుని చేసింది కాకపోవచ్చు. కానీ ఆ తర్వాత జరిగింది మాత్రం అనుకుని చేసిందే. సరిగ్గా వారం తిరిగేసరికి, మే 8న, అదే లింగంపల్లి స్టేషన్‌లో బిహార్‌లోని ఖగడియా నుంచి ఓ రైలు వచ్చి ఆగింది. దిగినవాళ్లు రెండు వందల మందికి పైగా. ఊరికి పోవడానికి కాదు, పనికి వచ్చారు. యాసంగి వడ్లు కొండల్లా పేరుకుపోయాయి, రైసు మిల్లుల్లో హమాలీలు లేరు. మంత్రే స్టేషన్‌కు వచ్చి పూలిచ్చి స్వాగతం పలికారు. పోయేవాళ్లకు అక్కడ పూలు, వచ్చేవాళ్లకు ఇక్కడ పూలు. ఆ ఎనిమిది రోజుల్లో కూలివాడికి దక్కినంత మర్యాద ఈ దేశంలో అంతకుముందు ఎప్పుడూ దక్కినట్టు లేదు.

మాటలూ అంతే ఉదారంగా వచ్చాయి. వలస కూలీలు పరాయివాళ్లు కారు, రాష్ట్రాభివృద్ధిలో భాగస్వాములని మార్చి చివర్లోనే నాటి ముఖ్యమంత్రి చెప్పారు. రేషన్ కార్డు లేకపోయినా తలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించారు. మధ్యతరగతి ఇళ్లలో సంభాషణ మారిపోయింది. పాలు వేసేవాడు, చెత్త బండివాడు, మందుల కంపెనీలో రాత్రి షిఫ్టు చేసేవాడు లేకపోతే మనం లేమని అందరికీ ఒక్కసారే తెలిసొచ్చింది. చప్పట్లు కొట్టారు, పళ్లేలు మోగించారు, దీపాలు పెట్టారు. ఆ ఏడు ఉగాది మార్చి 25న, దేశవ్యాప్త లాక్‌డౌన్ తొలి రోజున వచ్చింది. పచ్చడి చేసుకోవడానికి వేపపువ్వు కూడా దొరకని ఇళ్లలో, ఇది గడిస్తే ఇక మునుపటిలా బతకమని అనుకోని మనిషి ఉండడు. ఎవరికి తోచిన మొక్కు వాళ్లు మొక్కుకున్నారు.

మన పెద్దలు ఇలాంటి మనసుకు ఓ పేరు పెట్టి ఉంచారు: శ్మశాన వైరాగ్యం. చితి దగ్గర నిలబడ్డంతసేపూ అంతా మిథ్య అనిపిస్తుంది. ఇంటికొచ్చి తలమీద నీళ్లు పోసుకోగానే బాకీలూ పొలం గట్లూ గుర్తొస్తాయి. ప్రసూతి వైరాగ్యమూ పురాణ వైరాగ్యమూ దానికి తోబుట్టువులే. వీటిని చెప్పుకునే తీరులో ఎత్తిపొడుపు ఉంది, నిజమే. క్షమ కూడా ఉంది. మనిషి చితి ముందే కూర్చుండిపోతే పొలం దున్నేదెవరు? మరుపు దేవుడిచ్చిన వరమని ఊళ్లలో ముసలమ్మలు ఊరికే అనరు. 2020 వినాయక చవితికి ఖైరతాబాద్ గణపతి 9 అడుగులకు కుంచించుకుపోయాడు. అంతకు ముందటేడు 61 అడుగులు. 2024లో 70 అడుగులు. తగ్గిన ఎత్తును వడ్డీతో సహా తెచ్చుకున్న జనాన్ని తప్పుపట్టడానికి మనసొప్పదు. నాలుగేళ్ల కిందట ఊపిరాడక పోయినవాళ్ల ఇళ్లలోనూ ఆ ఏడు లడ్డూ పంచారు.

అసలు మరుపు అంటే 1918దే. స్పానిష్ ఫ్లూ ఒక్క భారతదేశంలోనే కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. 1911కీ 1921కీ మధ్య దేశ జనాభా పెరగకపోగా తగ్గింది. జనగణన చరిత్రలో అలా జరిగిన దశాబ్దం అదొక్కటే. హైదరాబాద్ సంస్థానంలోనూ జనం తగ్గారు. ఇంత పెద్ద చావుకు తెలుగు నేల మీద పేరున్న స్తంభం లేదు, తిథి లేదు, జాతర లేదు. అప్పటి లెక్కల పుస్తకాల్లో మాత్రం ఉంది. ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

మరుపొక్కటే మన దారి అనుకుంటే పోచమ్మ నవ్వుతుంది. మెతుకు సీమ అనే ఈ మెదక్ ప్రాంతంలో పోచమ్మ లేని ఊరు కనిపించదు. మైసమ్మ, ఎల్లమ్మ, ముత్యాలమ్మ, పేరు ఏదైనా కొలువు ఎక్కువగా పొలిమేరలోనో చెరువు కట్ట మీదో. మశూచి సోకితే తల్లి పోసింది అనేవారు. జబ్బు ఇచ్చేదీ ఆమే, దిగతీసేదీ ఆమే. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి కథ కూడా ఇదే వరసలోది. 1813లో జంట నగరాల్లో మహమ్మారి చెలరేగితే, ఉజ్జయినిలో ఉన్న సైనిక దళంలోని సురిటి అప్పయ్య అనే డోలీ మోసేవాడు తనవాళ్ల కోసం మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చాక 1815లో అమ్మవారి కొయ్య విగ్రహం నిలిపాడనీ ఆలయ చరిత్ర చెబుతుంది. లష్కర్ బోనాలకు అదే మూలమంటారు. రెండు వందల ఏళ్లు దాటినా ఆ డోలీ మోసినవాడి బాకీని ఊరు ఊరంతా ఏటా తీరుస్తూనే ఉంది. 2014 నుంచి రాష్ట్ర ప్రభుత్వం కూడా ఓ చెయ్యి వేస్తోంది.

ఇందులో విశేషం ఒకటుంది. భారతదేశంలో మశూచి ఆఖరి కేసు 1975లో. 1980లో ప్రపంచమంతటా అది పోయిందని ప్రకటించారు. పోచమ్మకు చేయడానికి ఇక పని లేదు. అయినా ఆషాఢం వస్తే కొత్త కుండకు పసుపు పూసి, సున్నం బొట్లు పెట్టి, లోపల బెల్లం అన్నమో పెరుగన్నమో ఉంచి, మూతి చుట్టూ వేపరెమ్మలు కట్టి, పైన దీపం వెలిగించి తలకెత్తుకుంటారు. గుడి ముందు వేపాకు, పసుపు కలిపిన నీళ్లు సాక పోస్తారు. జబ్బు పోయి యాభై ఏళ్లయినా బాకీ చెల్లుతోంది. ఎప్పుడో తాతమ్మ ఒకామె తన బిడ్డ బతకాలని ఇచ్చిన మాటకు, ఆ బిడ్డ ముఖం చూసి ఎరగని మునిమనవరాలు కట్టుబడుతోంది. తత్త్వశాస్త్రం చదివినవాళ్లు దీన్ని తరాల మధ్య ఒప్పందం అనొచ్చు. ఆమెను అడిగితే, ‘మా ఇంట్ల ఎప్పటి నుంచో ఉన్నది’ అంటుంది, అంతే.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఈ బోనం బిహారీ కూలీలకు కొత్తగా ఏమీ అనిపించదు. వాళ్ల ఊళ్లో శీతలా మాత ఉంది. ఆమెకూ వేపే, ఆమెదీ మశూచే. 1974లో బిహార్‌లో మశూచి చివరిసారి విజృంభించినప్పుడు, ఉక్కు నగరం జంషెడ్‌పూర్ నుంచి ఊళ్లకు మళ్లిన కూలీల వెంట జబ్బు కూడా టాటానగర్ స్టేషన్‌లో రైలెక్కింది. చివరికి ఆ నగరానికి రాకపోకలే కట్టడి చేయాల్సి వచ్చింది. పని ఒకచోట, ఇల్లు ఒకచోట, మధ్యలో రైలు, రైల్లో రోగం. ఇది 2020లో కనిపెట్టిన కథ కాదు.

మరి కరోనా ఎందుకు అమ్మ కాలేదు? ప్రయత్నాలు జరిగాయి. 2020 జూన్‌లో బిహార్, జార్ఖండ్ పల్లెల్లో ఆడవాళ్లు కరోనా మాయికి లడ్డూలు, పూలు పెట్టి పూజలు చేశారు. మరుసటేడు కోయంబత్తూరులో ఒక మఠం కరోనా దేవి విగ్రహమే నిలిపింది. ఏదీ నిలదొక్కుకోలేదు. సైన్సు పెరిగింది కాబట్టి అనేవాళ్లున్నారు గాని, 70 అడుగుల గణపతి ముందు నిలబడి ఆ మాట అనడం కష్టం. కారణం వేరే ఉందనిపిస్తుంది. పోచమ్మకు ఊరంతా కలిసి మొక్కింది. ఇంటింటికీ బోనం, ఇంటింటికీ చందా, పొలిమేరలో అందరి కళ్లముందూ చెల్లింపు. కరోనాకు ఎవరి గదిలో వాళ్లు, ఎవరి భయానికి వాళ్లు మొక్కుకున్నారు: నాకో ఆక్సిజన్ బెడ్డు, నా ఉద్యోగం, మా నాన్న. 2020లో బోనాలు కూడా ఇళ్లకే పరిమితమయ్యాయి. గుట్టుగా చేసిన అప్పుకు సాక్షులుండరు. ఇంకో సంగతి. ఆ రోజుల్లో చాలా ఊళ్లలో పొలిమేర దగ్గర ముళ్లకంపలు అడ్డం వేశారు. మహమ్మారిని ఆపడానికే, నిజమే. కానీ ఆ కంప అవతల నిలబడింది మూట నెత్తిన పెట్టుకున్న మనిషి. అమ్మవారిని ప్రతిష్ఠించే చోట ఆ మనిషిని ఆపాక అమ్మవారు ఎక్కడ నిలబడాలి?

ఇక అసలు ప్రశ్న. చట్టానికి సమాధానం సులువు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం బెదిరింపు కింద ఒప్పుకున్న ఒప్పందాన్ని, ఒప్పుకున్నవాడు కావాలంటే రద్దు చేసుకోవచ్చు. ధర్మానికి ఆ సౌకర్యం లేదు. భయంలో మొక్కిందే అసలైన మొక్కు అంటుంది లోకం. సుఖంగా ఉన్నప్పుడు ఎవరు మొక్కుతారు గనక! ఇస్లాం మన్నత్ విషయంలో మరీ నిక్కచ్చి. మొక్కింది పాపపు పని కానంతవరకు తీర్చి తీరాలి. అయితే మొక్కు వల్ల విధి అంగుళం కూడా జరగదనీ, పిసినారి జేబులోంచి కాస్త డబ్బు రాలడమే దాని ప్రయోజనమనీ అర్థం వచ్చే హదీసు ఒకటుంది. ఇంత చమత్కారంగా మొక్కు గుట్టు విప్పిన మాట మరో మతంలో కనిపించడం అరుదు.

తెలుగిళ్లలో ఈ పాఠం ఇంకా దగ్గరది. పెళ్లయినా గృహప్రవేశమైనా సత్యనారాయణ వ్రతం చేసుకుంటారు, ప్రసాదం మీద ధ్యాసతో కథ సగమే వింటారు. ఆ కథలో షావుకారు సంతానం కోసం మొక్కుతాడు. కూతురు పుడుతుంది. పెళ్లప్పుడు చేద్దాంలే అంటాడు. పెళ్లవుతుంది, మరిచిపోతాడు. తర్వాత చెరసాల, తర్వాత పడవలోని సరుకంతా ఆకులూ అలములూ. కథలో అతను దుర్మార్గుడేమీ కాదు. వ్యాపారం బాగా నడుస్తున్న మనిషి, అంతే. పని ఒత్తిడిలో ఉన్నాడు. పటాన్‌చెరు కంపెనీల ఆఫీసుల్లో ఏటా ఈ వ్రతం చేయించేవాళ్లు తక్కువేమీ ఉండరు.

దానికంటే పాతదీ కరుకైనదీ ఒకటుంది. సత్యానికి మారుపేరుగా మనకు తెలిసిన హరిశ్చంద్రుడే ఐతరేయ బ్రాహ్మణంలో వాయిదాల రాయుడు. కొడుకు పుడితే నీకే బలిస్తానని వరుణుడికి మొక్కుతాడు. రోహితుడు పుడతాడు. పది రోజులు పోనీ, పళ్లు రానీ, ఆ పళ్లూడనీ, మళ్లీ రానీ, ఆయుధం పట్టే వయసు రానీ అంటూ వరుణుణ్ణి తిప్పుతాడు. సంగతి తెలిసి కొడుకు అడవికి పారిపోతాడు. రాజుకు కడుపు ఉబ్బే జబ్బు పట్టుకుంటుంది. ఆరేళ్లు తిరిగి తిరిగి రోహితుడు ఓ మార్గం కనిపెడతాడు. అడవిలో ఆకలితో అలమటిస్తున్న అజీగర్తుడనే పేదకు ముగ్గురు కొడుకులు. పెద్దవాణ్ణి తండ్రి వదలనన్నాడు, చిన్నవాణ్ణి తల్లి వదలనంది. నడిపివాడు శునఃశేపుడు నూరు ఆవులకు అమ్ముడుపోయాడు. రాజు కొడుక్కి బదులు వాణ్ణి బలిస్తంభమైన యూపానికి కట్టాలి. కట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే తండ్రే ఇంకో నూరు ఆవులకు కట్టాడు, మరో నూరిస్తే నరకడానికీ సిద్ధపడ్డాడు. చివరకు ఆ కుర్రాడు దేవతలను వేడుకుంటే కట్లు వాటంతట అవే ఊడాయి, రాజు జబ్బూ తగ్గింది. విశ్వామిత్రుడు అతణ్ణి కొడుకుగా చేసుకున్నాడు.

వేదకాలపు ఈ కథ చెప్పేది ఒక్కటి. ఎగ్గొట్టిన మొక్కు గాలిలో కలిసిపోదు. బలిసినవాడు వాయిదా వేసిన బాకీ ఎక్కడో ఒక పేదవాడి ఇంటి నడిపి కొడుకు దగ్గరికి వసూలుకు వస్తుంది.

2025 జూన్ 30, సోమవారం పొద్దున పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు. అక్కడ చేసేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అనే తెల్లని పొడి. మందు బిళ్ల విరిగిపోకుండా గట్టిగా నిలబడడానికి కలుపుతారు. ఆ పొద్దున షిఫ్టులో దాదాపు 140 మంది ఉన్నారు. మృతుల సంఖ్య చివరికి 54కు చేరింది. చాలామంది బిహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ వాళ్లు. శిథిలాల్లో దొరికినవాటిని డీఎన్‌ఏ పరీక్షలతో పోల్చి ఒక్కొక్కరి పేరూ తేల్చారు. ఎనిమిది మందివి ఆనవాళ్లు కూడా దొరకలేదు. గేటు దగ్గరా, పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రి దగ్గరా ఫొటోలు పట్టుకుని రోజుల తరబడి నిలబడ్డవాళ్లు అడిగింది ఒకే మాట: మావాడు లోపలున్నాడా, లేడా?

ఆ మాటకు జవాబు వెంటనే దొరకలేదు. 2020లో దేశం సిగ్గుపడింది కూడా సరిగ్గా ఇక్కడే. కూలీలు ఎంతమంది, ఎక్కడెక్కడ ఉన్నారో ఎవరి దగ్గరా జాబితా లేదు. కోటి మందికి పైగా సొంత రాష్ట్రాలకు మళ్లారని లెక్క తేల్చిన కేంద్ర కార్మిక శాఖే, దారిలో ఎంతమంది చనిపోయారంటే తమ దగ్గర సమాచారం లేదని ఆ సెప్టెంబరులో లోక్‌సభకు రాసిచ్చింది. నిజానికి 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలనీ, ప్రతి కార్మికుడికీ ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలనీ ఎప్పుడో చెప్పింది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు గట్టిగా మందలించాక ఆగస్టులో ఈ-శ్రమ్ పోర్టల్ వచ్చింది. అందులో నమోదులు 30 కోట్లు దాటాయి. పాత చట్టాన్ని కలుపుకున్న కొత్త కార్మిక స్మృతి 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. మొక్కు కొంత తీర్చలేదని అనలేం. కానీ 30 కోట్ల పేర్లున్న పోర్టల్‌కూ, ఓ సోమవారం పొద్దున ఒక గేటు లోపల ఎవరున్నారో చెప్పే హాజరు పట్టికకూ మధ్య దూరం ఎంతో పాశమైలారంలో తెలిసింది.

ఇంతకూ పటాన్‌చెరుకు మామూలు అంటే ఏమిటి? ఈ ప్రాంతంలో కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది 1990లో. ఇసకవాగు, నక్కవాగు, వాటి నుంచి మంజీర. 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం ఇక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. శుద్ధి అయిన ఆ నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదును మించిన సంగతి అది. రోజుకు పోతున్నది 45 కిలోలని అంచనా, 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజులు వాడేంత. ఆ తర్వాత పైపులైను వేశారు, నిబంధనలు బిగించారు. అయినా వాగుల్లో మందులు తాగి రాటుదేలిన సూక్ష్మజీవుల కథకు పటాన్‌చెరు ప్రపంచమంతటా ఉదాహరణ అయింది. మందులకు లొంగని బ్యాక్టీరియా కారణంగా 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా. కరోనాకు ముందటేడు అది. అంటే అంతా మామూలుగా ఉన్న ఏడు.

మామూలుకు తిరిగి వెళ్దాం అనుకున్నప్పుడు ఈ వాగుకూ ఆ గేటుకూ తిరిగి వెళ్దామని ఎవరూ అనుకోలేదు. అయినా దారి అటే తీసుకెళ్లింది. లాక్‌డౌన్‌లో కూడా ఆగకుండా నడవడానికి మందుల కంపెనీలకు అనుమతి ఉంది, ఉండి తీరాలి కూడా. ప్రపంచానికి బిళ్లలు కావాలి. ఆ బిళ్లను గట్టిగా పట్టి ఉంచే పొడి చేసినవాడు మాత్రం ఏ లెక్కలోనూ గట్టిగా అంటుకోడు.

కష్టకాలపు మాటను కష్టంతోనే చెల్లించిన ఉదాహరణ ఈ సంగారెడ్డి జిల్లా పక్కనే ఉంది. మెదక్ చర్చిని చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించింది కరువులో జనానికి పనీ తిండీ దొరకాలని. 1914లో మొదలైన పని మధ్యలో యుద్ధాన్నీ ఫ్లూనూ దాటుకుని 1924 క్రిస్మస్ నాటికి పూర్తయింది. గోపురం ఎత్తు చూసి ఫొటోలు తీసుకునేవాళ్లలో ఎందరికి ఆ రాళ్ల కింద కూలి లెక్కల పుస్తకాలు ఉన్నాయని తోస్తుందో గాని, ఆ కట్టడంలో అన్నిటికంటే భక్తి ఉన్న భాగం అదే.

పటాన్‌చెరు పారిశ్రామికవాడ చెరువుల దగ్గర ఏటా రెండు పండుగలు కొద్ది వారాల తేడాతో వస్తాయి. ముందు బతుకమ్మ. తర్వాత, దీపావళి దాటిన ఆరో రోజున, ఛఠ్. నడుము లోతు నీళ్లలో నిలబడి, చేటలో ఠేకువా, చెరుకు, అరటి గెల పట్టుకుని, మునిగే సూర్యుడికి ఒకసారి, మర్నాడు ఉదయించే సూర్యుడికి ఒకసారి అర్ఘ్యం ఇస్తారు. 36 గంటలు చుక్క నీరు తాగరు. అదీ మొక్కే. బిడ్డల కోసం, ఇంటాయన క్షేమం కోసం. ఒకప్పుడు ఛఠ్‌కు ఊరికి పోయేవాళ్లు, ఇప్పుడు ఇక్కడే చేసుకుంటున్న కుటుంబాలు పెరిగాయి. స్థానిక నాయకులు ఘాట్ల దగ్గర లైట్లు పెట్టిస్తారు, బ్యానర్ల మీద తమ ఫొటోలు వేయించుకుంటారు. ఓట్ల కోసమే అనుకున్నా ఫరవాలేదు. ఓటరు జాబితాలోనైనా పేరు ఎక్కినట్టే కదా.

లెక్కల సంగతి మళ్లీ. 1918 ఫ్లూ తర్వాత మూడేళ్లకు, పరాయి పాలనలో, దేశం తన మనుషులను లెక్కపెట్టుకుంది. ఎంతమంది లేరో అప్పుడే తెలిసింది. కరోనా తర్వాత 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. వాయిదా మీద వాయిదా పడింది. 2020, 2021లలో భారతదేశంలో కరోనా వల్ల మామూలు కంటే 47 లక్షల మంది ఎక్కువ చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటే, ఆ పద్ధతే తప్పని ప్రభుత్వం కొట్టిపారేసింది. 2021 చివరి దాకా అధికారిక సంఖ్య ఐదు లక్షల లోపే. ఆ రెండు అంకెల మధ్య ఎన్ని ఇళ్లున్నాయో తేల్చడానికి ఉన్న పాత పనిముట్టు జనగణనే. దానికి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టారు. అసలు లెక్కింపు అంతకుముందు ఫిబ్రవరిలో.

పదహారేళ్ల తర్వాత జరిగే ఆ లెక్కలో ఇస్నాపూర్, పాశమైలారం, ముత్తంగి, రుద్రారం అద్దె గదులు పెద్ద పరీక్షే. రేకుల కప్పు కింద ఒకే గదిలో పగటి షిఫ్టు వాళ్లు ముగ్గురు, రాత్రి షిఫ్టు వాళ్లు ముగ్గురు మార్చి మార్చి పడుకునే చోట ఎంతమంది ఉంటున్నారని అడిగితే ఇంటి యజమాని ఒకటి చెబుతాడు, ఠేకేదారు ఇంకొకటి చెబుతాడు. లెక్క రాసేది ఎక్కువగా ప్రభుత్వ బడి పంతుళ్లే. హిందీ నాలుగు ముక్కలు వచ్చినవాళ్లను ఈ వాడలకు వేసి, షిఫ్టు మారే వేళల్లో రెండుసార్లు తలుపు తట్టమని చెబితే చాలావరకు పని జరుగుతుంది. ఎవరెవరి పేర్లు అడగాలో కంపెనీ గేట్‌పాసుల జాబితా పక్కన పెట్టుకుని వెళ్తే ఇంకా మంచిది.